తలకిందుల సెల్లు

మా ఆవిడ కుట్టుపని చేస్తుంది. మొన్న సాయంత్రం కరెంటు పోయింది. కింద గదిలో ఉన్న లైనింగు గుడ్డ తెచ్చుకుందామని టార్చిలైటు తీసి నొక్కింది. వెలగలేదు. అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. అయినా వెలగలేదు. తెలిసిన మెట్లే కదా అని చీకట్లోనే దిగింది. ఇంకో మెట్టు ఉందనుకోలేదు. పడింది. ఎడమ మణికట్టు బెణికి ఉబ్బిపోయింది.

మర్నాడు పొద్దున్నే మా అమ్మాయి, అల్లుడు వచ్చారు. అమ్మాయి వాళ్లమ్మ చేతికి కట్టు కట్టి, టార్చిలైటు తెచ్చి నా ముందు పడేసింది.

“ఇదే కొంప ముంచింది. దీని సంగతేంటో చూడు నాన్నా.”

దాని సంగతి నాకు కొంత తెలుసు. ఆవిడ పడ్డదానికి ముందు రోజు రేడియో గొంతు పీలగా వస్తుంటే, ఇందులోంచి ఒక కొత్త సెల్లు తీసి రేడియోలో వేసుకున్నాను. రేడియోలోని పాతది ఇందులో పడేశాను. రేపు ఒకటి కొనుక్కొస్తే సరిపోతుందిలే అనుకున్నాను. ఈలోపు టీ చల్లారిపోతోందని ఆవిడ కేకేసింది. మూత గబగబా బిగించి వెళ్లిపోయాను. కొనడం మర్చిపోయాను.

ఎవరైనా ముందు సెల్లు చూస్తారు. నేను బల్బు చూశాను. గాజు మూత విప్పి, బల్బు ఊడదీసి, లోపలి తీగ తెగిందేమోనని కిటికీ వెలుగుకు పెట్టాను. తెగలేదు. చొక్కా అంచుతో తుడిచి మళ్లీ బిగించాను. తర్వాత వెనక మూత విప్పి, సెల్లు జారిపడకుండా గొట్టాన్ని అరచేత్తో మూసి పట్టుకుని, మూతలోని స్ప్రింగును గరుకు కాగితంతో రుద్దాను. తుప్పు లేదు. అయినా రుద్దాను.

“మామయ్యా, మీరు లైటు బాగుచేస్తున్నారా, గిన్నెలు తోముతున్నారా?” అన్నాడు అల్లుడు. “ముందు సెల్లు చూడాలి కదా, ఇలా ఇవ్వండి.”

నా చేతిలోంచి లాక్కుని గొట్టంలోకి తొంగి చూసి, బల్ల మీద వంచాడు. ఒకదాని తల ఇటు, ఒకదాని తల అటు. పొట్టేళ్లలా ఢీకొట్టుకుంటూ బయటికి వచ్చాయి.

“అమ్మా! ఒకటి తలకిందులుగా పెట్టావే!” అంది అమ్మాయి.

“నేనా? సరిగ్గానే పెట్టినట్టు గుర్తు.”

“ఈ ఇంట్లో సెల్లు మార్చేది నువ్వేగా. నాన్న ఎప్పుడైనా ముట్టుకున్నాడా?”

మా ఆవిడ టార్చిలైటులో కొత్త సెల్లు వేసినప్పుడల్లా, గుడ్డ మీద గుర్తులు పెట్టే నీలం పెన్సిలుతో దానికో అడ్డగీత పెడుతుంది. బల్ల మీది సెల్లుల్లో ఒకదానికి గీత ఉంది. రెండోదానికి లేదు. లేనిదాన్ని చేతిలోకి తీసుకుని, గీత ఉండాల్సిన చోట బొటనవేలు పెట్టాను.

దాన్ని తిప్పి పెడితే లైటు వెలిగింది, కాస్త ఎర్రగా.

“అయితే రోగం లైటుది కాదు, అమ్మ కళ్లది” అంది అమ్మాయి. “కుట్టింది చాలమ్మా. ఇవాళ సెల్లు, రేపు సూది వేల్లో దిగుతుంది. మిషను మేం పట్టుకెళ్తాం. మా ఆడపడుచు నేర్చుకుంటానంటోంది.”

మా ఆవిడ మాటకు మాట అప్పజెప్పే మనిషి. ఆ పూట చెప్పలేదు. కుడిచెయ్యి మొహానికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని వేళ్లు చూసుకుంది.

“ఏమోనే. నిన్న దారం ఎక్కించడానికి కూడా తంటాలు పడ్డాను.”

నేను నోరు తెరవాల్సింది అప్పుడు. నేను మాట్లాడనని అందరికీ తెలుసు గనక ఎవరూ నా వైపు చూడలేదు. ఆ అలవాటు చాటున దాక్కున్నాను.

అల్లుడు తాడు తెచ్చాడు. “ముడి మీరే వెయ్యండి మామయ్యా. మీరేస్తే ఊడదు.”

వేశాను. మిషను మీద గుడ్డ కప్పి, చక్రం తిరక్కుండా తాడు చుట్టి, బిగించి ముడి వేశాను. మా ఆవిడ సూదుల డబ్బా తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టింది.

“సన్నసూదులు వేరేగా పెట్టాను. కలిపెయ్యనివ్వకు.”

ఇక నా వల్ల కాలేదు.

“ఆ సెల్లు పెట్టింది నేను” అన్నాను.

అమ్మాయి ఫక్కున నవ్వింది. “చూశావా అమ్మా, ఏడాదికో మాట మాట్లాడే మనిషి, నీకోసం అబద్ధం కూడా ఆడుతున్నాడు!”

“అత్తయ్యంటే ఎంత ప్రేమో” అన్నాడు అల్లుడు.

మా ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. “ఊరుకోండి. నా తప్పు మీరెందుకు నెత్తినేసుకోవడం?”

చెంప పగలగొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. లోపలికెళ్లి రేడియో తెచ్చాను. వెనక మూత తీసి బల్ల మీద బోర్లించాను. రెండు సెల్లులు దొర్లాయి. ఒకదాని మీద నీలం గీత.

“నాన్నా!” అంది అమ్మాయి.

మా ఆవిడ ఆ సెల్లు తీసుకుంది. గీత చూసింది. సన్నటి గీతే, చూడగానే కనిపించింది ఆవిడకి.

“పాటలు బాగా వినబడ్డాయా?” అంది నాతో.

నేను తల దించుకున్నాను.

“సెల్లు మాట అటుంచండి. మర్చిపోయారు, సరే. తాడు కట్టేదాకా ఎందుకు ఆగారు?”

వెళ్లి మిషను ముందు కూర్చుని ముడి పట్టుకున్నాను. అల్లుడు కత్తెర అందించబోయాడు.

“వద్దు బాబూ” అంది ఆవిడ. “ఆయన్నే విప్పనీ.”

గట్టిగా వేశాను. గోళ్లు నొప్పి పుట్టినా ముడి కదల్లేదు.