మెడల్ ఎవరు వెయ్యాలి

ఎనిమిదింటికి మొదలవ్వాల్సిన సన్మానం పదైనా మొదలు కాలేదు. మేయరు రాలేదు మరి. మేయరు రానిదే ఆ ఊరి బాస్కెట్‌బాల్ కోర్టు రేకుల కింద మైకు కూడా దగ్గదు.

యువ రైతుల క్లబ్బు నడిపే ఫ్లోరితకు తల ప్రాణం తోకకొచ్చింది. ఏడాది పొడుగునా పిల్లల వెంటబడి పని చేయించింది తను. వేదిక వెనక ఫ్లెక్సీలో మాత్రం మేయరు మొహం తలుపంత ఉంది. సన్మానం ఎవరికో ఆ పిల్లల పేర్లు అడుగున చీమలబారులా ఉన్నాయి.

సన్మానం అందుకునే ఐదుగురిలో మొదటి బహుమతి జోవెలిన్‌ది. పదహారేళ్ళ పిల్ల, పన్నెండు బాతులతో మొదలుపెట్టి రెండు వందలు చేసింది. వాడలో ఆడవాళ్ళందరికీ గుడ్లు ఉప్పులో ఊరబెట్టడం నేర్పింది. అక్కడ కన్నవాళ్ళే వేదికెక్కి పిల్లల మెడలో మెడల్ వేస్తారు. అందుకోసమే సముద్రం అవతల సెబూ నగరంలో ఇళ్ళల్లో పనిచేసే తల్లి రోసెండా ఒక్క రోజు సెలవడిగి, మూడేళ్ళ తర్వాత ఊరికొచ్చింది. పదకొండింటి పడవ తప్పితే ఆ పని కాస్తా పోతుంది.

"కెప్టెన్ గారూ, ఆ ఒక్క పిల్లకైనా ముందు ఇచ్చేద్దామండీ. వాళ్ళమ్మ పడవ వెళ్ళిపోతుంది," అని, అందరూ కెప్టెన్ అని పిలిచే ఊరి పెద్ద ఎలుతెరియోను నాలుగోసారి బతిమాలింది ఫ్లోరిత.

"మేయరు గారు లేకుండానా? నా కొంప ముంచుతావా అమ్మాయ్? దారిలోనే ఉన్నార్ట."

"ఏడున్నర నించీ దారిలోనే ఉన్నారు! పాక్కుంటూ వస్తున్నారా?"

"నెమ్మది, నెమ్మది! ఆయనొచ్చాక స్వాగత నాట్యం, అతిథుల పరిచయం, ప్రసంగం. ఆ తర్వాతే మెడళ్ళు."

ఫ్లోరితకు ఒళ్ళు మండిపోయింది. రోసెండా మాత్రం సంచి ఒళ్ళో పెట్టుకుని గడియారం చూస్తూ కూర్చుంది. పదిన్నరకి లేచి, "పోనీలే అక్కా. ఫోటో పంపించు, చాలు," అంది.

ఆ 'చాలు' విన్నాక ఫ్లోరిత ఇక ఆగలేకపోయింది. బల్ల మీది మొదటి బహుమతి పెట్టె తెరిచి, మెడల్ గుప్పిట్లో పెట్టుకుని, తల్లీకూతుళ్ళను రేవుకి లాక్కెళ్ళింది.

చేపల బుట్టల మధ్య నిలబడి రోసెండా కూతురి మెడలో మెడల్ వేసింది. పడవవాడు తాడు విప్పకుండా ఒక్క నిమిషం ఆగాడు. ముగ్గురు ఆడవాళ్ళూ బావురుమన్నారు.

మేయరు పదకొండున్నరకి దిగాడు. నాట్యం అయింది. పరిచయాలయ్యాయి. ప్రసంగం ముప్పావుగంట సాగింది. చివరికి జోవెలిన్‌ని పిలిచారు.

"తల్లి లేదా? పోనీ, నేనే వేస్తా," అని మేయరు కెమెరా వైపు నవ్వుతూ చెయ్యి చాచాడు. కెప్టెన్ పెట్టె తెరిచాడు. ఖాళీ. ఆయన మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

జోవెలిన్ చొక్కా లోపలినించి మెడల్ బయటికి తీసింది.

"మా అమ్మ వేసేసింది సార్."

మేయరు నవ్వు అలాగే బిగుసుకుపోయింది. "మరి నేనేం చెయ్యనమ్మా?"

"చప్పట్లు కొట్టండి సార్."

ఊరంతా చూస్తోంది. కొట్టక ఏం చేస్తాడు?