రానివాళ్ళకే పదవులు

శుభవార్త వచ్చినప్పుడు ఆమె హనీమూను హోటలు గదిలో సూట్‌కేసు మీద కూర్చుని ఉంది. అలా కూర్చుంటే తప్ప అది మూతపడేలా లేదు. మొగుడు మోకాళ్ళ మీద వంగి జిప్పుతో కుస్తీ పడుతున్నాడు.

"ఇంకొంచెం బరువు వెయ్యి పిల్లా."

"పెళ్ళయి పద్దెనిమిది రోజులు కాలేదు, అప్పుడే నా బరువు మీద పడ్డావా బావా?" అంటూ ఆమె కాళ్ళు కూడా పైకెత్తి కూర్చుంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"శుభాకాంక్షలమ్మా కొత్తకోడలా! ఏకగ్రీవం!"

అవతల ఉన్నది పడవల క్లబ్బు ప్రెసిడెంటు. ఆయన పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళ నోట్లో దూది ఉందనీ, జవాబు చెప్పలేరనీ గట్టి నమ్మకంతో మాట్లాడతాడు.

"థాంక్సండీ. అయినా మీరు పెళ్ళికి వచ్చే వెళ్ళారుగా..."

"పెళ్ళి కాదమ్మా, ఎన్నిక! నిన్న మన సర్వసభ్య సమావేశం జరిగింది. నా కుర్చీ పోను క్లబ్బులో ఉన్న పదకొండు పదవులూ మీ దంపతులకే. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పెద్దత్తయ్యగారైతే కళ్ళనీళ్ళు పెట్టుకుంది."

ఫోను పెట్టేశాక ఆమె గాల్లో తేలిపోయింది. పెళ్ళితో క్లబ్బులో చేరి నెల కూడా తిరగలేదు, అప్పుడే ఇంత అభిమానమా! మొగుడి మొహం మాత్రం పాలిపోయింది. చేతిలోని జిప్పు జారి, మూత పైకి లేచి, ఆమె మంచం మీదికి దొర్లింది.

"మనం మీటింగుకి వెళ్ళలేదు కదూ?" అన్నాడతను నీరసంగా.

విషయం ఏమిటంటే, ఆ క్లబ్బులో జీతగాళ్ళు లేరు. సరస్సు ఒడ్డున ఒక రేకుల షెడ్డు, ఒక చెక్క రేవు, చిన్న చిన్న తెరచాప పడవలు, నలభై ఇద్దరు సభ్యులు. రేవు పలకలకు మేకులు కొట్టడం దగ్గర్నుంచి రేసులో ఈల ఊదడం దాకా అన్నీ సభ్యులే చేసుకోవాలి. చలికాలమంతా పడవలు టార్పాలిన్ల కింద నిద్రపోతాయి. చలి తగ్గాక వచ్చే మొదటి ఆదివారం సీజను ప్రారంభ రేసు. దానికి ముందు పదవుల పంపకం. ఈ పంపకానికి క్లబ్బు పెట్టినవాళ్ళు ఏ మూడ్‌లో ఉండి రాశారో గానీ ఒక నియమం రాశారు: "సమావేశమునకు హాజరైనవారు, రానివారిని ఏ పదవికైనను ఎన్నుకొనవచ్చును."

అందువల్ల ఆ క్లబ్బు సమావేశానికి రానివాడంటూ ఉండడు, పాత అధికారులే మళ్ళీ మళ్ళీ కొనసాగుతారు. సభ్యుల్లో ఒకడైన టైలరు ఒకసారి చేతికి సెలైను సూదితోనే వచ్చాడు, సీసాను పక్కవాడు పట్టుకున్నాడు. మొగుడి పెద్దత్తయ్య తొమ్మిదేళ్ళ కిందట పక్క గదిలో కునుకు తీసి ఒకే ఒక్క సమావేశం తప్పిపోయింది. నాటి నుంచి మొన్నటిదాకా టీ ఆమే పెట్టింది. ఈ ఏడాది శుభలేఖ అందగానే ప్రెసిడెంటు క్యాలెండరు తిరగేసి, కొత్తజంట ఊళ్ళో ఉండని వారాన్ని చక్కగా గుర్తుపెట్టాడు.

"అందుకేనా పెళ్ళికి మనకు ఈల బహుమతిగా ఇచ్చారు?" అంది ఆమె, మొగుడు ఇదంతా చెప్పాక.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వారు. ఇంటికి వెళ్ళే రైలు అందుకోవడానికి ఇంకా గంట ఉంది. నవ్వడానికి అది సరిపోయింది.

మర్నాడు శనివారం, పనుల రోజు. రేపే ప్రారంభ రేసు. క్లబ్బు గేటు దగ్గర పెద్దత్తయ్య కొత్తకోడలిని గట్టిగా కావలించుకుని, టీ బాయిలరునూ తాళాల గుత్తినీ చేతిలో పెట్టింది. గుత్తిలో పందొమ్మిది తాళంచెవులు, షెడ్డుకు మూడే తలుపులు.

"మిగతావి ఎక్కడివి అత్తయ్యా?"

"ఎవరికి తెలుసు తల్లీ. ఒక్కటి పారేసినా వర్షం పడుతుంది, చూసుకో."

పదవులను ఇద్దరూ పంచుకున్నారు. ఆమెకు కార్యదర్శి, ఈల, టీ, తాళాలు, బాతులు, వాతావరణం. అతనికి రక్షణ బోటు, జెండాలు, మరుగుదొడ్లు, పెయింటు డబ్బాలు, తీర్పులు. వాతావరణం కూడా ఒక పదవేనా అని ఆమె ముచ్చటపడుతుండగానే టైలరు రాతపూర్వకంగా ఫిర్యాదు తెచ్చాడు: "గాలి లేదు. నిన్న కూడా లేదు. తగు చర్య తీసుకోగలరు."

"చూస్తానండీ" అని సంతకం పెట్టి తీసుకుంది. పది నిమిషాల్లో గాలి లేచింది. టైలరు నమస్కారం పెట్టి, వెంటనే రెండో కాగితం తీశాడు. ఇది బాతుల శాఖకు. టార్పాలిను తీసి చూస్తే ఆయన పడవలో ఒక బాతు ఐదు గుడ్ల మీద కూర్చుని ఉందట. సంబంధిత అధికారిణి నిర్లక్ష్యమే కారణమట. విచారణ జరగాలట.

విచారణ పెయింటు డబ్బా మీద కూర్చుని మొగుడే జరిపాడు.

"అభ్యంతరం!" అన్నాడు టైలరు. "ముద్దాయికీ మీకూ బంధుత్వం ఉంది."

"బంధుత్వం పద్దెనిమిది రోజులదే. ఇంకా గట్టిపడలేదు" అన్నాడు న్యాయమూర్తి. తడి స్పాంజి వచ్చి ఆయన చెవికి తగిలింది. "ముద్దాయి కోర్టుకు దగ్గరగా జరిగి కూర్చోవాలి. ఇంకా దగ్గరగా. తీర్పు ఏమిటంటే, గుడ్లు పిల్లలయ్యేదాకా బాతును కదపడానికి వీల్లేదు."

అలా మధ్యాహ్నం దాకా హాయిగా గడిచింది. చీపురు పట్టుకున్నా నవ్వే, పాకుడు గీకినా నవ్వే. రేపటి డ్యూటీలను నల్లబల్ల మీద సుద్దతో రాయడం మొదలుపెట్టాకే ఆమె చెయ్యి ఆగింది.

ఈల: ఆమె. గెలుపు గీత: ఆమె. టీ: ఆమె. రక్షణ బోటు: అతను. తీర్పు: అతను. కింద, ప్రారంభ రేసులో పాల్గొనే పడవల వరసలో, వాళ్ళ నీలం పడవ ఎదురుగా రాయడానికి మనుషులే మిగల్లేదు.

ఆ నీలం పడవ గురించి చెప్పాలి. ఇద్దరు మాత్రమే పట్టే చిన్న పడవ. ఎవరో ముక్కలుగా వదిలేసి వెళ్ళిన దాన్ని చలికాలమంతా ఆదివారాలు ఇద్దరూ కలిసి గరుకు కాగితంతో రుద్దారు. పెళ్ళి మాటలు కుదిరిందీ ఆ రుద్దుడులోనే. పెయింటు ఆరింది పెళ్ళికి ముందురోజు. అది ఇంతవరకు నీళ్ళు చూడలేదు. ప్రారంభ రేసుకు ఇద్దరం కలిసే దింపుదాం, చుక్కాని నీది, తెరచాప తాడు నాది అని ఆ పడవ పక్కన నిలబడే అతను మాటిచ్చాడు. ఆమె పెళ్ళికి ఒప్పుకున్న కారణాలలో అది మూడోది.

పదవి అంటే ఏడాది. అంటే రేపటి రేసే కాదు, సీజను మొత్తం ఆమె ఈల ఊదుతూ ఒడ్డున, అతను రక్షణ బోటులో నీళ్ళ మీద, నీలం పడవ స్టాండు మీద.

ఆమె ఒక చీటీ తీసి, కార్యదర్శిగారికి రేపు సెలవు కావాలని విన్నవించుకుంది. కారణం: మొగుడితో పడవ నడపాలని ఉంది. చీటీని తిప్పి, కార్యదర్శి హోదాలో రెండుసార్లు చదివి, "ప్రత్యామ్నాయం లేదు, తిరస్కరించడమైనది" అని రాసింది. రాశాక ముక్కు ఎగబీల్చింది.

అతను వచ్చి పక్కన కూర్చున్నాడు. "వచ్చే ఏడు ఎక్కుదాంలే పిల్లా."

"వచ్చే ఏడు నేను కొత్తకోడల్ని కాను బావా. ఉత్త కోడల్ని." ఆమె నియమావళి పుస్తకం లాక్కుంది. "దిగిపోవడానికి దారి ఉండాలి... ఇదిగో. మళ్ళీ సర్వసభ్య సమావేశం పెడితే పదవులు మార్చుకోవచ్చట."

"పెట్టి ఏం లాభం? అందరూ వస్తారు. సెలైను కట్టుకునైనా వస్తారు."

ఆమె తర్వాతి పేజీ చదివింది. మళ్ళీ చదివింది. సమావేశ స్థలం కార్యదర్శి ఇష్టం. హాజరు వేసే పద్ధతీ కార్యదర్శి ఇష్టం. నోటీసు ముందురోజు అంటిస్తే చాలు. ముప్ఫై ఒక్కరు చేరగానే కోరం పూర్తయి సమావేశం మొదలవుతుంది, తర్వాత వచ్చినవాళ్ళు రానివాళ్ళ కిందే లెక్క. నలభై రెండులో ముప్ఫై ఒకటి పోతే...

"బావా! పదకొండు!"

ఆమె అతని రెండు చెవులూ పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టి, సుద్దముక్క కోసం పరుగెత్తింది.

నాలుగింటి టీకి సభ్యులందరూ షెడ్డులోకి వచ్చేసరికి నోటీసు బోర్డు మీద ఉంది. ప్రెసిడెంటు పైకి చదివాడు. రేపు తొమ్మిదింటికి ప్రత్యేక సర్వసభ్య సమావేశం. స్థలం: సరస్సు ఆవలి కొసన తేలే పసుపు గుర్తుపీపా దగ్గర, నీటి మీద. తెరచాపతో మాత్రమే రావలెను. తొమ్మిదికి ముందు రేవు విడిచినచో చెల్లదు. ఒడ్డు నుంచి అరిచినచో హాజరు పడదు.

అందరూ కప్పులతోనే బోర్డు దగ్గరికి జరిగారు.

"ఇది సమావేశమా, రేసా?" అన్నాడు ప్రెసిడెంటు.

"సమావేశమేనండీ. కాస్త తొందరగా జరుగుతుంది. ప్రారంభ రేసు దాని తర్వాత. ఈల, కొత్త అధికారులకే ఇచ్చేస్తాను."

"అందరూ నీళ్ళలో ఉంటే రక్షణ ఎవరమ్మా?"

"లైఫ్ జాకెట్టు లేకపోతే హాజరు పడదండీ. మునిగేవాళ్ళని ఎవరు లాగితే వాళ్ళు ఆ క్షణమే హాజరైనట్టు."

ఇది విని సభ్యులు ఒకరినొకరు కొత్త ఆసక్తితో చూసుకున్నారు, ఎవరు మునిగేలా ఉన్నారా అని.

"నా పడవలో బాతుంది!" అని టైలరు లేచాడు. "కదపడానికి వీల్లేదని తీర్పు కూడా ఇచ్చారు!"

న్యాయమూర్తి గొంతు సవరించుకున్నాడు. "బాతును కదపకూడదన్నాను. పడవను కాదు. బాతుతో సహా రండి."

"దానికి మాత్రం హాజరు వెయ్యం" అంది కార్యదర్శి.

ప్రెసిడెంటు ఆఖరి అస్త్రం తీశాడు. "కోడలా, మీ పడవ ఇంతవరకు నీళ్ళే చూడలేదు. రేపు మీరే మునిగితే?"

"పదకొండూ మళ్ళీ మావేనండీ. ఊరికే ఏడవం కూడా."

అంతలో పెద్దత్తయ్య కప్పు కింద పెట్టి, మూలన ఉన్న చెక్కపెట్టెలో మోచేతుల దాకా దూరింది. "తొమ్మిదేళ్ళు ఈ బాయిలరు పక్కనే నిలబడ్డాను" అంటూ బూజు పట్టిన లైఫ్ జాకెట్టు బయటికి లాగి దులిపింది. "నన్నెవరు దాటతారో నేనూ చూస్తాను. ఎవరర్రా నా పడవ మీద నిచ్చెన పెట్టింది? తియ్యండి!"

దాంతో షెడ్డు ఖాళీ అయింది. టార్పాలిన్లు లేచాయి, తాళ్ళు విప్పారు, సెలైను సీసా పట్టుకున్న స్నేహితుడినే టైలరు రేపటికి శత్రువుగా ప్రకటించాడు.

ఇద్దరే మిగిలారు. ఆమె మెడలోని ఈల తీసి నోటీసు బోర్డు మేకుకు తగిలించింది.

"మరి గాలి?" అన్నాడతను. "రేపు గాలి లేకపోతే?"

"ఆ శాఖ నాది, రేపు తొమ్మిదిన్నర దాకా." ఆమె నీలం పడవ అంచు మీద వేలితో నీటిగీత ఎక్కడిదాకా వస్తుందో గీసి చూసింది. "ఏడింటికల్లా రేవులో ఉండాలి బావా. ఎనిమిదికి దీన్ని నీళ్ళలోకి దింపుతాం. తొమ్మిది కొట్టగానే బయల్దేరుతాం. చుక్కాని నాది, తాడు నీది, గుర్తుందిగా?"