వడగట్టిన నూనె

శేషాచలం పోయిన రోజు అతని కారు ముద్దనూరు దాటాక కొండ ఎక్కుడులో ఆగిపోయింది. పులివెందులలో బాడుగవాళ్లను దింపేసరికే అతనికి కడుపునొప్పి పట్టుకుంది. తోటి డ్రైవరొకడు అతన్ని వెనక సీట్లో పడుకోబెట్టి జమ్మలమడుగు ఆసుపత్రికి బయలుదేరాడు. ఎక్కుడు మొదలుకాగానే ఇంజను దగ్గి, తెల్లటి పొగ కక్కి, బండిని లాగలేక నిలబడిపోయింది. చాలాసేపటికి ఒక లారీ దొరికింది. ఆసుపత్రి చేరేసరికి లోపల పేగు పగిలిపోయింది. డాక్టరు “ఇంకొంచెం ముందు తెచ్చింటే” అని మొదలుపెట్టి, ఆ వాక్యం పూర్తి చేయలేదు.

ఆ సగం వాక్యం శేషాచలం అన్న త్రివిక్రమరావును పట్టుకుని వదల్లేదు. ఆయన ప్రొద్దుటూరు హైస్కూల్లో తెలుగు చెబుతాడు. కారు నడపడం రాదు. ఇంజను మూత ఎత్తి చూసింది లేదు.

కర్మలు ముగిశాక కారు మాట వచ్చింది. తమ్ముడి భార్య సుబ్బలక్ష్మికీ, తల్లి లక్ష్మీకాంతమ్మకూ ఆ బాడుగ కారే ఆధారం. డ్రైవరును పెట్టి నడిపించాలంటే ముందు అది బాగుపడాలి. పాత కారుకు డీజిల్ ఇంజను ఎక్కించిన బండి. దాని సంగతి ఎవరికీ సరిగా తెలియదు.

లక్ష్మీకాంతమ్మకు కావలసింది మాత్రం వేరు.

“దాన్ని ఎట్ల సాకినానో నీకు తెల్దా నాయనా? నా చేత్తో వడగట్టిన నూనె తప్ప ఇంకొకటి తాగలేదే అది. అయినా వాన్ని నడి దావలో దించేసె. ఎందుకు నిలిచెనో కనుక్కోని నాకు చెప్పు. అది తెలీకుండా నాకు ముద్ద దిగదు.”

ఆమె చెప్పింది నిజమే. పెరట్లో చూరు కింద డీజిలు డ్రమ్ము ఉంది. తాగే నీళ్లు ఎలా వడగడుతుందో డీజిలునూ అలాగే వడగట్టేది. పోయిన భర్త పంచెను నాలుగు మడతలు వేసి, డబ్బా మూతికి బిగించి, డ్రమ్ములోంచి చెంబుతో తీసి పోసేది. శేషాచలం స్టాండులో అందరికీ ఆ మాట చెప్పి నవ్వించేవాడు. “నా కారు గూడా మడి కట్టుకుంటాదప్పా,” అనేవాడు.

కనుక్కుంటానని త్రివిక్రమరావు తల్లికి మాటిచ్చాడు. కారును ఎద్దులతో లాగించి ఎర్రగుంట్ల రోడ్డులోని మెకానిక్ రహమాన్ షెడ్డుకు చేర్చాడు.

రహమాన్ మొదట డీజిలు పంపు చెడిందన్నాడు. పంపు విప్పి కడపకు పంపితే, అందులో ఏ లోపమూ లేదని తిరిగొచ్చింది. తర్వాత గొట్టాల్లో గాలి చేరిందన్నాడు. గాలి తీశాడు. ఇంజను అంటుకుంది గాని మూడు కాళ్ల గొడ్డులాగా కుంటింది. త్రివిక్రమరావు బడి వదలగానే వచ్చి బల్ల మీద కూర్చుని, రోజూ అదే కుంటుడు విని, రోజూ అదే మాట విని వెళ్లేవాడు. రేపు చూద్దాం అనేవాడు రహమాన్. ఆ రేపు వినీ వినీ ఆయనకు పళ్లు బిగుసుకునేవి. పిల్లవాడు తప్పు రాస్తే ఎక్కడ తప్పాడో వేలు పెట్టి చూపించగలడు. ఇక్కడ వేలు ఎక్కడ పెట్టాలో తెలియదు.

చివరికి రహమాన్ ఇంజను ఆడుతుండగా ఒక్కొక్క గొట్టం మర వదులు చేస్తూ పోయాడు. మొదటిది వదిలితే ఇంజను ఇంకా ఎక్కువగా కుంటింది. రెండోదీ అంతే. మూడోది వదిలితే శబ్దంలో ఏ తేడా లేదు.

“ఇదే పని చేయనిది. నాజిలు పోయింది అయివారూ.”

నాజిలంటే డీజిలును మంచులాగా చిమ్మి ఇంజనులోకి కొట్టే ఇనుప ముక్క. విప్పి, బయటే గొట్టానికి తగిలించి తిప్పి చూస్తే, అది చిమ్మడం లేదు. ముక్కు కారినట్టు చుక్కలు రాలుస్తోంది.

కొత్తది రావడానికి మళ్లీ ఎదురుచూపులు. కర్నూలు నుంచి వచ్చింది కొలత కుదరలేదు. వెనక్కి పంపి ఇంకొకటి తెప్పించారు. అది సరిపోయింది. ఇంజను నున్నగా ఆడింది. త్రివిక్రమరావు ఇంటి నుంచి వడగట్టిన డీజిలు తెచ్చి పోయించాడు. నాలుగు రోజులు తిప్పి చూసి అప్పజెబుతానన్నాడు రహమాన్. చివరి రోజు ఇద్దరూ ఎక్కారు. చాపాడు చేరకముందే మళ్లీ తెల్ల పొగ, మళ్లీ కుంటుడు.

త్రివిక్రమరావు కారు దిగి రోడ్డు పక్కన నిలబడ్డాడు. అరవాలనిపించింది. అరవలేదు. కొత్తది గదా, ఇదెందుకు పోవాలి అని మాత్రం అడిగాడు. రహమాన్ కారుకు తాడు కట్టాడు. షెడ్డుకు ఈడ్చుకెళ్లాక, ఈసారి నాజిలు జోలికి పోకుండా డీజిలు వచ్చే దారి వెంట ఒక్కొక్కటీ విప్పాడు. ఫిల్టరు గిన్నె తెరిచి లోపల వేలు పెట్టి తడిమాడు.

“మొదటే తెరవాల్సింది దీన్ని. నా బుద్ధికి తోచలేదు,” అన్నాడు. “లోపల చెత్త పట్టే ఉన్ని ఫెల్టు యాడుంది? ఉత్త గిన్నె. ఎవరో తీసి పారేసినారు.”

గిన్నె అడుగున తెల్లటి నూగు పేరుకుని ఉంది. నాజిలు విప్పితే అందులోనూ అదే నూగు. రహమాన్ వేళ్ల మధ్య నలిపాడు.

“దారప్పోగులు. పాత గుడ్డది. దేంతో వడగడతాండారు మీ ఇంట్లో?”

త్రివిక్రమరావుకు చెప్పవలసిన పని లేకపోయింది. ఫెల్టు మాటిమాటికీ మూసుకుపోతోందని తమ్ముడు విసుక్కోవడం ఆయనకు గుర్తుంది. తీసిపారేసింది వాడే. అమ్మ వడగట్టాక ఇంక ఇదెందుకు అనుకుని ఉంటాడు. ఆమె గుడ్డ మీద వాడికి అంత నమ్మకం.

రహమాన్ నాజిలు కడిగి, కొత్త ఫెల్టు వేసి బిగించాడు. పులివెందుల దాకా పోయివచ్చారు. ముద్దనూరు ఎక్కుడు కారు ఆగకుండా ఎక్కింది. అక్కడ త్రివిక్రమరావు కిటికీ అవతలికి చూడలేదు.

“ఆ గుడ్డ మాత్రం మాన్పించు అయివారూ,” అని దిగేటప్పుడు చెప్పాడు రహమాన్. “ఫెల్టు కొన్నాళ్లే ఆపుతాది. అది మూసుకపోతే బండి మళ్లా యాడో ఒక చోట నిలుస్తాది. ఈసారి ఎవరుంటారో అందులో.”

ఇంటికి వస్తే లక్ష్మీకాంతమ్మ గడపలోనే ఉంది.

“ఏమొచ్చిందంట దానికి?”

“నాజిలు పోయిందమ్మా.”

“ఎందుకు పోయింది?”

ఆయన చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, తువ్వాలు కోసం చూశాడు. పాతబడిందన్నాడు. ఆమె కాసేపు ఆయన ముఖం చూసి, ఆ స్టాండువాళ్లు యాడబడితే ఆడ వడగట్టని నూనె పోయించినా పోయించింటారు, ఇంక నేనే చూసుకుంటా, అంది. లేచి పెరట్లోకి పోయి పంచెను ఉతికి, పిండి, చూరుకు ఆరేసింది.

డ్రైవరు కుదిరాడు. కారు మళ్లీ పులివెందులకు బాడుగకు పోతోంది. డబ్బా మూతికి ఆ పంచె అలాగే ఉంది. త్రివిక్రమరావు తల్లికి ఇంకా చెప్పలేదు.