మాన్పబోయిన ఒళ్ళు

తిరుత్తణి నేతగత్తె కాంచనకు రొమ్ములో గడ్డ లేచింది. భర్త తణికాచలం ఆమెను మద్రాసు ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

"ఇంత బలమైన మనిషి కదా సార్, ఒళ్ళెందుకు దాన్ని అణచలా?" అని అడిగాడు.

"చుట్టూ ఉన్న మంచి కణాలు ఆ గడ్డను పుండనుకుంటాయి. మాన్పాలని కొత్త రక్తనాళాలు పంపుతాయి. ఆ రక్తంతోనే గడ్డ పెరుగుతుంది," అన్నాడు డాక్టరు.

"అయితే సొంత ఒళ్ళే పగబట్టినాదే!" అన్నాడు తణికాచలం.

కాంచన రొమ్ము మీద చెయ్యి వేసుకుంది. "పగ కాదు మామా. పాపం, నన్ను కాపాడాలనే చూసినాది. దాన్ని తిట్టబాక."

ఆ తరువాత గడ్డ పగిలి పుండైంది. రోజూ కట్టు మార్చేటప్పుడు తణికాచలం దాన్ని పసిబిడ్డ ముఖం తుడిచినంత మెల్లగా తుడిచేవాడు. తిరుత్తణి కొండ మీద జరిగే ఆడికృత్తిక తిరునాళ్ళకు ముందే కాంచన పోయింది.