మింగాక చెప్పే మాట

కందిరీగ నోట్లో తడి మట్టి.

కిటికీ ఊచకీ గోడకీ మధ్య సందులో అది గూడు కడుతోంది. వస్తుంది, చిన్న ముద్ద అతికిస్తుంది, వెళ్తుంది. మళ్ళీ వస్తుంది. ఎవరూ రమ్మనలేదు. ఎవరూ పొమ్మనలేదు.

ఆ కిటికీకి అవతల నర్సు. ఇవతల వరస.

వరసలో ఆమె.

ముక్కు కారుతోంది. ఆవలింత తోక పట్టుకుని ఇంకో ఆవలింత. ఒళ్ళంతా ఈకలు పీకిన కోడి చర్మం. ఎముకల లోపల ఎవరో చీపురు పెట్టి ఊడుస్తున్నట్టు… ఎండ ఇంకా గోడ దిగలేదు, అప్పుడే చెమట. ఆ చెమటకే చలి.

ఎందుకొచ్చావమ్మా, అని మొదటిరోజు డాక్టరమ్మ అడిగింది. అందరినీ అడిగే మాటే. అందరూ చెప్పే జవాబులు ఆవిడ వెనక గోడ మీద బొమ్మల్లో ఉన్నాయి — బిడ్డనెత్తుకున్న తల్లి, ఇల్లు, చెట్టు కింద నవ్వుతున్న ముసలాయన.

ఆమె బొమ్మల వంక చూసింది.

ఆమె వచ్చింది పగ కోసం.

—

రేకుల షెడ్డు. పరుపులు కుట్టే చోటు.

దూది గాల్లో తేలుతూ ఉంటుంది. కనురెప్పల మీద వాలుతుంది, అన్నంలో వాలుతుంది. మూరెడు సూది. వంగి గుచ్చాలి, అవతలికెళ్ళి లాగాలి, మళ్ళీ వంగాలి. ఊరంతా పడుకునే పరుపులు కుట్టిన నడుం, రాత్రికి ఏ పరుపు మీదా ఆనేది కాదు.

మేస్త్రీ జేబులో పిప్పరమెంట్ల డబ్బా. అందులో పిప్పరమెంట్లు ఉండేవి కావు.

"వేసుకో చెల్లెమ్మా. నొప్పి పువ్వులా రాలిపోతుంది."

రాలింది. అబద్ధం చెప్పకూడదు… నిజంగా పువ్వులాగే రాలింది. రాలిన చోట ముల్లు మొలిచింది. అది తర్వాతి సంగతి.

మొదట నడుం కోసం. తర్వాత పెద్ద ఆర్డరు కోసం. తర్వాత ఏ కారణమూ లేకుండా.

మొదట అడక్కుండానే పెట్టాడు. తర్వాత అడిగితే పెట్టాడు. తర్వాత అడిగినా పెట్టలేదు. ఆ మూల పరుపు కూడా కుట్టెయ్యి చెల్లెమ్మా, అప్పుడు చూద్దాం. కుట్టింది. ఇంకోటి కుట్టింది. వేళ్ళు వణికి సూది వంకర పోయింది.

డబ్బా గలగల… ఆ చప్పుడుకి ఆమె లోపల ఏదో కుక్కపిల్లలా లేచి నిలబడేది.

ఒకరోజు కొక్కేనికి తగిలించిన అతని చొక్కాలో చెయ్యి పెట్టింది. అదీ నిజమే. పెట్టింది.

అందరినీ పిలిచాడు. ఆమె సంచీ తిరగేశాడు. దువ్వెన, అన్నం డబ్బా, వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ, నలుగురిలో పడకూడని నెలసరి గుడ్డలు, వాటి మధ్య ఒక్క తెల్లటి మాత్ర.

"చూడండి దీని దొంగచెయ్యి," అన్నాడు.

చెల్లెమ్మా అనలేదు.

ఆ మాత్ర ఎవరి డబ్బాలోదో ఆ షెడ్డులో అందరికీ తెలుసు. అందరూ తమ తమ సూదుల వంక చూసుకున్నారు.

ఆరోజే అనుకుంది. తిరిగి వస్తాను. వణకని చేతులతో వస్తాను. అదే షెడ్డులో, అందరి ముందూ, నీ డబ్బా నీ కాళ్ళ దగ్గరే తిరగేస్తాను. అప్పుడు నువ్వు ఏరుకుంటావు. నేను నిలబడి చూస్తాను.

దానికి వణకని చేతులు కావాలి.

అందుకే వరస. అందుకే కిటికీ. అందుకే ఈ చేదు.

—

మందు పేరు మెథడోన్. నొప్పి మాత్రలకి అలవాటు పడ్డవాళ్ళని మాన్పించడానికి ఇచ్చేది. చిన్న ప్లాస్టిక్ కప్పులో పోస్తారు. నర్సు కళ్ళ ముందే తాగాలి. కప్పులో నీళ్ళు పోసి తొలిపి ఆ నీళ్ళూ తాగాలి.

తర్వాత మాట్లాడాలి.

అదీ అక్కడి పద్ధతి. కొందరు బుగ్గన దాచుకుని బయటికెళ్ళి ఉమ్మి అమ్ముకుంటారట. నోట్లో మందు పెట్టుకుని ఎవరూ మాట్లాడలేరు కదా. అందుకని ప్రతివాళ్ళనీ నర్సు అడుగుతుంది. "ఊఁ, మాట్లాడండి."

లారీ డ్రైవరు రోజూ ఒకటే అంటాడు. "ఇంకో పెగ్గు."

"నీ లారీలో పోసుకో డీజిలు. జరుగు."

రిటైరైన లెక్కల మాస్టారు ఎక్కాలు చెబుతాడు. మోకాలి ఆపరేషన్‌తో మొదలైందట ఆయనకి. పదమూడో ఎక్కం దగ్గర నర్సు చెయ్యి ఊపుతుంది, చాలు మాస్టారూ, మింగేశారు.

ఆమె వంతు.

"మాట్లాడమ్మా."

"మేస్త్రీ," అంది.

రెండోరోజూ అదే. మూడోరోజూ అదే. చేదు గొంతు దిగగానే ఆ మాట పైకొచ్చేది — బావిలో చేద మునగగానే గాలిబుడగ లేచినట్టు.

"ఎవరమ్మా మేస్త్రీ? మీ ఆయనా?"

"కాదు. మొక్కు ఉంది."

నర్సు ఇంకేం అడగలేదు. మొక్కులున్నవాళ్ళని ఎవరూ ఏమీ అడగరు.

మొదట్లో ఆ మందు ఏనుగు దాహానికి చూరునీళ్ళు. కొంచెంతో మొదలుపెట్టి మెల్లమెల్లగా పెంచుతామని చెప్పారు. వరసలో అందరికీ వినబడేట్టు నర్సు ఒక మాట చెప్పేది, రోజూ, పాఠంలా.

"ఆగలేక ఆ పాత మాత్రలు వేసుకుని ఇక్కడికొచ్చి ఇది తాగారనుకోండి, రెండూ కలిసి నిద్రలోనే ఊపిరి ఆపేస్తాయి. నొప్పి కూడా తెలియదు. తెల్లారి మీవాళ్ళు లేపుతారు, మీరు లేవరు."

ఆమె ఆగింది. పళ్ళు బిగబట్టి ఆగింది. అక్క ఇంట్లో, వంటింటి పక్క గదిలో, చాప అంచు పీకుతూ ఆగింది. అక్క బీరువా తాళాలు దిండు కింద పెట్టుకునేది. పెట్టుకున్న సంగతి దాచేది కూడా కాదు.

"పరువు ఎలాగూ పోయింది. ఒళ్ళైనా దక్కించుకో," అనేది అక్క, గంజి గ్లాసు చేతికిస్తూ. తిట్టులా అనేది. గంజిలో ఉప్పు మాత్రం సరిగ్గా వేసేది.

కిటికీ దగ్గర కందిరీగ ఒక పచ్చ పురుగుని ఈడ్చుకొచ్చింది. గూట్లోకి తోసింది. పురుగు చావలేదు, కదలనూ లేదు.

చిన్నప్పుడు అమ్మ చెప్పేది. ఆ పురుగు గూట్లో పడుండి కందిరీగనే తలుచుకుంటుందట. భయంతో తలుచుకుంటుందట, కోపంతో తలుచుకుంటుందట… తలిచి తలిచి ఒకరోజు రెక్కలొచ్చి అదే కందిరీగై బయటికొస్తుందట.

ఆమెకి ఆ కథ నచ్చేది కాదు. ఇప్పుడూ నచ్చలేదు.

—

మందు పెరిగింది. ఆవలింతలు తగ్గాయి. చీపురు ఆగింది.

ఒక పొద్దున అక్క చిరిగిన దిండు గలీబు ఇస్తే సూదిలో దారం ఎక్కించింది. ఒక్కసారికే ఎక్కింది. చెయ్యి గాల్లో చాపి చూసుకుంది. గాలి లేని గదిలో దీపపు శిఖలా నిలబడింది చెయ్యి.

నవ్వింది. అది సంతోషం కాదు.

షెడ్డుకి వెళ్ళే రోజు మనసులో ఖాయం చేసుకుంది. ఏ చీర కట్టుకోవాలో కూడా.

మర్నాడు పొద్దున వరసలో ఆమె వెనక ఎవరో ఆవలించారు. ఆ ఆవలింత అడుగున ఒక గొంతు. ఎరిగిన గొంతు.

"చెల్లెమ్మా… నువ్వేనా?"

మేస్త్రీ.

గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. మెడ పక్కన చర్మం సంచీలా వేలాడుతోంది. ఆ డబ్బాలోంచి అందరికీ పెట్టినవాడు తనూ వేసుకునేవాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడే డాక్టరమ్మ గదిలోంచి వచ్చాడట. కొత్తగా చేరాడట. ఓనరు అతన్నీ పంపించేశాడట. షెడ్డులో ఇప్పుడు వేరే మేస్త్రీ.

ఆమె ఒళ్ళు మండింది. తల నుంచి కాలి దాకా.

పగ తీర్చుకోవాలంటే ఎదుటివాడు నిలబడి ఉండాలి కదా. వీడు గోడకి చేరగిలబడ్డాడు. షెడ్డు లేదు, ఆ జనం లేరు, ఆ చొక్కా తగిలించే కొక్కెం లేదు. ఇదీ దొంగిలించాడు. చివరికి ఇది కూడా.

అతను పక్కనున్న బాత్రూంలోకి వెళ్ళాడు.

తలుపు అవతల — గలగల. మూత చప్పుడు.

తిరిగొచ్చి ఆమె చెవి దగ్గర గుసగుసలాడాడు. గొంతులో ఇంకా అదే తేనె.

"ఇక్కడ మొదట్లో కొంచెమే పోస్తారటగా. అందుకని చేతికొచ్చినన్ని వేసుకున్నా. చెప్పకు చెల్లెమ్మా."

వరస జరిగింది. లారీ డ్రైవరు పెగ్గు అడిగాడు, తిట్టు తిన్నాడు. మాస్టారు ఎక్కం చెప్పాడు.

ఆమె వంతు. తర్వాత అతని వంతు.

కప్పు తీసుకుంది. చెయ్యి వణకలేదు. తాగింది. తొలిపిన నీళ్ళు తాగింది.

చెయ్యి ఎత్తక్కర్లేదు. గొంతు పెంచక్కర్లేదు. ఊరికే పక్కకి జరిగితే చాలు. అతను తాగుతాడు, ఇంటికెళ్తాడు, పడుకుంటాడు. తెల్లారి లేపుతారు… లేవడు.

ఎవరూ ఆమెని ఏమీ అనరు.

నిద్రలో. నొప్పి తెలియకుండా. పక్కన పెళ్ళాం ఏడుస్తుంది, నలుగురూ వచ్చి మంచివాడు పాపం అంటారు. ఎముకల్లో చీపురు ఊడవకుండానే. వరసలో ముక్కు కారకుండానే. ఏ ఒక్కరి ముందూ సంచీ తిరగేయించుకోకుండానే.

అంత సుఖం. ఆ సుఖం వీడికా?

"మాట్లాడమ్మా," అంది నర్సు.

"మేస్త్రీ," అంది ఆమె.

నర్సు తలూపి తర్వాతి కప్పు అందుకుంది. ఆమె కదల్లేదు.

"నేను రోజూ చెప్పే మేస్త్రీ ఇతనే. ఎడమ జేబులో డబ్బా ఉంది. ఇప్పుడే మింగొచ్చాడు."

నర్సు చేతిలో కప్పు ఆగింది.

"జేబులో ఉన్నవన్నీ ఈ బల్ల మీద పెట్టండి."

దువ్వెన. బస్సు టిక్కెట్టు. మరకల చేతిరుమాలు. డబ్బా. అతని చెయ్యి వణికింది, డబ్బా జారింది, మూత ఊడింది. తెల్లటి మాత్రలు నేల మీద దొర్లాయి — మాస్టారి చెప్పుల మధ్య నుంచి, డ్రైవరు బూట్ల పక్క నుంచి.

వరస మొత్తం వాటి వంకే చూసింది. ఎవరూ వంగలేదు. మాస్టారు కళ్ళు మూసుకుని పద్నాలుగో ఎక్కం అందుకున్నాడు.

ఒక మాత్ర వచ్చి ఆమె కాలి బొటనవేలికి తగిలి ఆగింది.

ఇదే కదా తను అనుకున్నది. అచ్చంగా ఇదే. అతను మోకాళ్ళ మీద ఉన్నాడు, ఏరుతున్నాడు. ఆమె నిలబడి చూస్తోంది.

కడుపు నిండలేదు.

కుక్కపిల్ల లోపల లేచి నిలబడి, తోక ఊపింది.

కాలు వెనక్కి తీసుకుంది.

"ఇవాళ మీకు మందు లేదు," అంది నర్సు అతనితో. "ఈ బెంచీ మీదే, మా కళ్ళ ముందే కూర్చోవాలి. డాక్టరమ్మ వస్తుంది. రేపు ఖాళీ జేబుతో రండి."

అతను ఆమె వంక చూశాడు. ఆ చూపు ఆమెకి కొత్త కాదు. అక్క ఇంటి అద్దంలో రోజూ చూసేదే.

"నిన్ను వదలనే," అన్నాడు.

"వదలకు. రేపు రా అన్నయ్యా." గొంతులో తేనె ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. "ఎముకలు పీకుతుంటే ఈ వరసలో నిలబడు. నీ ముందు నేనుంటాను."

—

మర్నాడు.

గూడు మూతి మూసుకుపోయింది. మట్టి ఇంకా తడిగానే ఉంది. కందిరీగ ఎక్కడా లేదు.

డ్రైవరు అయిపోయాడు. మాస్టారు అయిపోయాడు. ఆమె కప్పు తీసుకుంది, తాగింది, తొలిపి తాగింది.

"మాట్లాడమ్మా."

నోరు తెరిచింది. ఆ మాట ఉండే చోట ఇవాళ చేదు మాత్రమే ఉంది.

వెనక మెట్ల మీద ఎవరో ఎక్కుతున్నారు. ఆగి ఆగి. గలగల వినిపిస్తుందేమోనని చెవి రిక్కించింది… తిరిగి చూడలేదు.

"మాట్లాడాలమ్మా," అంది నర్సు మళ్ళీ.

కిటికీ ఊచ పక్కన, తడి మట్టి లోపల, ఏదో కొరుకుతున్న చప్పుడు.