కుడిచేతి చలువ

ఉదయం ఎనిమిదింటికి బైండరు తన కొట్టు తలుపు తీసి, ముందు బల్ల తుడిచి, తరువాత జిగురు కలుపుకొని, ఆపైన కుట్లు విడిపోయిన పుస్తకాలను వరుసగా పేర్చుకొనేవాడు. ముప్పై ఏడేళ్లుగా ఆ క్రమం మారలేదు. మారినదల్లా ఒక్కటే: పూర్వం కుడిచేత్తో పూసే జిగురును తొమ్మిది నెలలుగా ఎడమచేత్తో పూస్తున్నాడు. కుడిచెయ్యి తగిలితే జిగురు గడ్డకడుతోంది.

భార్య పోయిన రోజున ఆమె చెయ్యి ఆయన కుడిచేతిలో ఉంది. ఆ చెయ్యి చల్లబడినప్పుడు ఈ చెయ్యీ చల్లబడింది. ఆమెను సాగనంపి వచ్చిన తరువాత కూడా ఆ చల్లదనం ఇక్కడే ఉండిపోయింది. వీధిలో అందరికీ ఆ సంగతి తెలుసు. తల్లులు జ్వరం తగిలిన పిల్లలను తీసుకువచ్చి, ఆ అరచేతికి నుదురు ఆనించి తీసుకుపోయేవారు. పక్కనున్న టీకొట్టాయన ఎండ ముదిరే వేళకు పాలగిన్నెతో తయారయ్యేవాడు.

"బాబాయ్, కాస్త చెయ్యి వేసి పుణ్యం కట్టుకో. ఈ పాలు విరిగాయంటే ఇవాళ మా ఆవిడ నా తాట తీస్తుంది."

"ఇన్నేళ్లు తీశాక ఇంకా మిగిలిందా?" అంటూ బైండరు, పుస్తకం మీది చూపు తిప్పకుండానే, గిన్నెకు చెయ్యి ఆనించేవాడు.

ఇంతకూ ఆ వేసవిలో ఆయనకు వచ్చిన చిక్కు చేతితో కాదు, ఫోనుతో.

కూతురు నాలుగు గంటల బస్సు ప్రయాణమంత దూరంలో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. తల్లి పోయిన నాటి సాయంత్రం వచ్చి, మూడో రోజున వెళ్లిపోయింది. తొమ్మిది నెలలు పలకలేదు. ఇప్పుడు, ఏ గడియన మనసు మెత్తబడిందో, తనంతట తానే ఫోను చేయసాగింది. బైండరు ఫోనును కుడిచేత్తో చెవికి గట్టిగా అదుముకొని "అమ్మా" అనేవాడు. ఆమె నిమిషంసేపు ఏవో రెండు మాటలు మాట్లాడేది. మూడో మాటలో ఫోను నల్లబడిపోయేది. మళ్లీ వెలిగేసరికి పావుగంట. ఈయన తిరిగి చేస్తే ఆమె ఎత్తేది కాదు. అట్టల ధర అడిగేవాళ్లతోనూ, పుస్తకం తయారైందా అనేవాళ్లతోనూ ఫోను ఏ పేచీ పెట్టలేదు. వాళ్లతో మాట అర నిమిషానికి మించదు మరి.

"ఫోను పాడైంది తల్లీ" అని సందేశం పంపాడు.

"ఆ రోజూ ఇదే మాట చెప్పావు" అని జవాబు వచ్చింది.

నిజమే. తల్లి ప్రాణం పోతుంటే నాకెందుకు కబురు చేయలేదని ఆనాడు కూతురు నిలదీసినప్పుడు, ఫోను ఆగిపోయిందని ఆయన అబద్ధమాడాడు. గంట తరువాత ఆమె ఆసుపత్రి సంచి సర్దుతుంటే అందులో అదే ఫోను నిక్షేపంగా వెలుగుతూ దొరికింది. "అమ్మ చెయ్యి పట్టుకునే అదృష్టం కూడా నాకు లేకుండా చేశావు" అని మాత్రం అంది. అంతే.

ఆదివారం మరో సందేశం వచ్చింది. "ఏడుసార్లు చేశాను. ఏడుసార్లూ పెట్టేశావు. గురువారం నాలుగున్నరకి చేస్తాను. అప్పుడు కూడా పెట్టేస్తే ఇక నేను చెయ్యను. నువ్వూ చెయ్యొద్దు."

ఒకరి ఫోను అరువడిగి మాట్లాడదగిన సంగతి కాదది. ఉత్తరం రాయబోయి, "ఆ రోజున" అన్న మాట దగ్గరే ఆగి, ఆ కాగితాన్ని ఎవరిదో నిఘంటువు అట్టలోపల అతికేశాడు. సోమవారం ఉదయం ఫోను పట్టుకొని వీధి చివరి సెల్లక్క దగ్గరకు వెళ్లాడు.

ఆ వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఆమెను పిన్నలూ పెద్దలూ సెల్లక్కనే పిలుస్తారు. అసలు పేరు ఆమెకే గుర్తుందో లేదో.

"బ్యాటరీ ముసలిదైపోయింది బాబాయ్," అంటూ ఆమె కొత్తది వేసింది. మంగళవారానికి ఫోను మళ్లీ ఆగింది. ఆమె చార్జింగు రంధ్రంలోని దుమ్ము సూదితో తీసింది. అక్కర్లేని యాప్‌లన్నీ తీసేసింది. లోపలి బోర్డును భూతద్దం కింద పెట్టి అంగుళం అంగుళం చూసింది. బుధవారం పొద్దంతా తన బల్ల మీద పాటలు పాడించింది. ఎక్కడా తొణకలేదు.

"నా దగ్గర బుద్ధిగా ఉంటుంది, నీ దగ్గరికొస్తే మొరాయిస్తుంది. ఏం పెట్టి పెంచావ్ బాబాయ్ దీన్ని?"

బైండరు నవ్వలేదు. "రేపు నాలుగున్నరకి నా కూతురు చేస్తుంది," అన్నాడు. "ఇక ఆ తర్వాత చెయ్యదు."

సెల్లక్క చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టింది. "అయితే రేపు నాలుగింటికి ఇక్కడికే రా. నా కళ్లముందే ఆగిపోనీ."

గురువారం నాలుగింటికి ఆమె ఫోను ఆయన చేతికిచ్చి, తన ఫోనునుంచి చేసి, మాట్లాడుతూ ఉండమంది. ఏం మాట్లాడాలో తెలియక ఆయన పుస్తకం కుట్టే విధానం చెప్పసాగాడు. దారానికి మైనం ఎందుకు రాయాలో చెబుతుండగా ఫోను ఆగిపోయింది. సెల్లక్క దాన్ని అందుకోబోయి, మంట తగిలినట్టు వేళ్లు వెనక్కి తీసుకుంది. అద్దం మీద సన్నని నీటిపొర అలుముకొని ఉంది.

ఆమె కాసేపు ఆ నీటిపొరనూ, ఆయన చేతినీ మార్చి మార్చి చూసింది.

"నా బుద్ధి గడ్డి తిన్నట్టుంది," అంది చివరికి. "మా బుడ్డోడి జ్వరానికి రెండుసార్లు నీ దగ్గరికే తీసుకొచ్చాను కదా. బ్యాటరీకి చలి పడదు బాబాయ్. లోపల చార్జి ఉన్నా లేదనుకుని కళ్లు మూసేసుకుంటుంది. దీనికి ఏ రోగమూ లేదు. ఎడంచేత్తో పట్టుకో, చాలు."

అందరికీ తెలిసిన సంగతి కనుకనే ఎవరికీ తట్టలేదు.

ఆమె ఫోనును తన కొంగులో పెట్టి రుద్ది వెచ్చచేసింది. నాలుగూ ఇరవై ఎనిమిదికి అది వెలిగింది. నాలుగున్నరకు మోగింది. అలవాటుకొద్దీ ముందుకు జరిగిన కుడిచేతిని బైండరు వెనక్కి లాక్కొని, తొడకింద పెట్టుకొని, దానిమీద కూర్చున్నాడు. ఫోను ఎడమచేత్తో ఎత్తాడు. సెల్లక్క అడగకుండానే బయటకు వెళ్లి, వీధిలో ఇటు వీపు పెట్టి నిలబడింది.

"నాన్నా. ఈసారైనా వింటావా?"

"వింటాను."

అటువైపు మాట లేదు. ఒక నిమిషం గడిచింది. ఫోను ఆగలేదు. ఆగుతుందనే ఆమె ఎదురుచూస్తున్నదని ఆయనకు అర్థమైంది.

"ఆ ఏడుసార్లూ నేను పెట్టెయ్యలేదమ్మా. దానంతటదే ఆగిపోయింది. కానీ ఆ రోజు మాత్రం ఫోను బాగానే ఉంది. నీకు అబద్ధం చెప్పాను."

"తెలుసు."

"సంచిలో ఉంది. సంచి మంచం కాళ్ల దగ్గర, మూడడుగుల దూరం. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని వదలొద్దంది. వదిలితేనే గానీ ఫోను అందదు." ఆయన ఆగాడు. "నర్సునడిగితే ఇచ్చేది. అడగలేదు. పిల్లకి చెప్పాలి, ఫోనివ్వండి అంటే, పోతోందని నేనే ఒప్పుకున్నట్టవుతుందనిపించింది. ఇంకో నిమిషం చూద్దాం, ఇంకో నిమిషం చూద్దాం అనుకుంటూ నాలుగు గంటలు కూర్చున్నాను. తర్వాత చెప్పడానికేం లేదు."

బయట సైకిలు గంటల చప్పుడు. అటువైపు బడి ఆవరణలో పిల్లల కేకలు.

"ఫోనెందుకు ఆగిపోతోంది?" అని ఆమె చాలాసేపటికి అడిగింది. లెక్కల పంతులమ్మ కదా, తేలని చోటు దాటి ముందుకు పోలేదు.

"ఆ చెయ్యి ఇంకా చల్లగానే ఉందమ్మా."

"ఎంత చల్లగా?"

"మీ అమ్మది ఎంత చల్లబడిందో అంత. తగ్గలేదు, పెరగలేదు."

ఆమె శనివారం బడి లేదనీ, పొద్దున బస్సుకు వస్తాననీ చెప్పి పెట్టేసింది.

శనివారం పదకొండింటికి ఆమె కొట్టులోకి వచ్చి, చెప్పులు విడిచి, తండ్రికి ఎదురుగా బల్లకు అటువైపు కూర్చుంది. కుశలప్రశ్నలు లేవు. తన కుడిచెయ్యి బల్ల మీద చాపింది. బైండరు జిగురు తుడుచుకొని తన కుడిచేతిని అందులో పెట్టాడు. ఆమె వేళ్లు ముడుచుకున్నాయి.

"అమ్మదే," అంది.

"అవును."

ఆమె తలవంచి, తండ్రి అరచేతిని చెంపకు ఆనించుకొని, ఏడ్చినంతసేపు ఏడ్చింది. పాలగిన్నెతో గుమ్మందాకా వచ్చిన టీకొట్టాయన నిలబడి చూసి, గిన్నె తీసుకొని వెనక్కి వెళ్లిపోయాడు. మూడింటిదాకా ఆ రెండు చేతులూ విడిపోలేదు. చెయ్యి తిమ్మిరెక్కిందని ఆయనా అనలేదు, ఆకలేస్తోందని ఆమె కూడా అనలేదు.

మూడున్నర బస్సుకు లేవబోతూ, "ఇక వదులు నాన్నా," అంది. ఆ మాట వినడానికి ఆయనకు తొమ్మిది నెలలు పట్టింది. వదిలాడు.

ఆమె వెళ్లాక సాయంత్రం టీకొట్టాయన గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు. బైండరు కుడిచేత్తో అందుకొని, చురుక్కుమనగానే వదిలేశాడు. టీ కాస్త బల్ల మీద ఒలికింది. ఇద్దరూ ఆ చేతిని చూశారు. టీకొట్టాయన గుడ్డ తెచ్చి బల్ల తుడిచి, "రేపటినుంచి పాలు ఎండెక్కకముందే కాచేసుకుంటాలే బాబాయ్," అని మెల్లగా అని వెళ్లాడు.

మరునాడు ఉదయం, జిగురు కలుపుకొంటుండగా ఫోను మోగింది. తెలియకుండానే కుడిచేత్తో ఎత్తాడు.

"నాన్నా, బస్సు ఆలస్యమై రాత్రి ఎప్పటికో చేరాను. పొద్దున్నుంచీ చెయ్యాలనుకుంటూనే..."

మాట మధ్యలో తెగింది. బైండరు ఫోనును చెవినుంచి తీసి చూశాడు. అది వెలుగుతూనే ఉంది. అద్దం మీద చెమ్మ లేదు. ఆగిపోయింది ఇది కాదు.

ఎడమచేత్తో పట్టుకో తల్లీ అని ఒక సందేశం పంపితే సరిపోయేది. అక్షరాలు నొక్కబోయి ఆగాడు. పావుగంటలో ఆమె ఫోను తనంతట వెలుగుతుంది. ఎందుకు ఆగిందో ఆమెకు తెలియకపోదు. చెయ్యి మార్చుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆయన ఫోనును బల్ల మీద పెట్టి, బ్రష్షును చాలాకాలం తరువాత కుడిచేతికి తీసుకొని, అట్టమీద జిగురు పూశాడు. జిగురు గడ్డకట్టకుండా చివరిదాకా పలచగా పరచుకుంది. అట్ట పూర్తయ్యాక ఆ చేతిని ఒళ్లో పెట్టుకొని, ఎడమచేత్తో పట్టుకొని చూశాడు. అది వెచ్చగా ఉంది. అందులో ఎవరూ లేరు.