కబురు తెచ్చే వేషం

నా మొహం చూస్తే జనానికి నవ్వొస్తుంది. ఇందులో నా తప్పు లేదు, నన్ను కన్న మా అమ్మ తప్పు అంతకన్నా లేదు. ఎనభై మూడు సినిమాల్లో ఒకటే వేషం వేస్తే ఎవడి మొహమైనా ఇలాగే తగలడుతుంది.

వేషం ఏమిటంటారా? ఇంటిల్లిపాదీ కూర్చుని కాఫీలు తాగుతుంటారు. నేను గుమ్మంలోకి పరుగెత్తుకొస్తాను. ఒకటే ఆయాసం. భుజం మీది కండువా జారి కింద పడాలి, దాన్ని నేనే తొక్కి తూలాలి, అప్పుడు గుండె పట్టుకుని "ఘోరం జరిగిపోయిందండీ బాబూ!" అనాలి. ఆడవాళ్ళు శోకాలు మొదలెడతారు. తీరా కనుక్కుంటే పక్కింటివాళ్ళ బిందె నూతిలో పడింది, అంతే. లేదూ, నా చేతిలో ఎవరో పోయారని టెలిగ్రాం ఉంటుంది. ఆ పోయినవాడు నా వెనకాలే సంచీ పట్టుకుని రిక్షా దిగుతాడు. హాలు గొల్లుమంటుంది. అలా జనం నాకు టెలిగ్రాం ఈశ్వరరావు అని పేరు పెట్టేశారు.

నాకేం సరదా కాదు ఆ పేరు. వేరే వేషం ఇప్పించమని మద్రాసులో ఒక దర్శకుడి దగ్గర దేబిరిస్తే, ఆయన నన్ను కూర్చోబెట్టి ఒక పాత ఇంగ్లీషు కామెడీ చూపించాడు. "ఆ హోటల్ గుమాస్తాని చూశావా ఈశ్వరరావ్? ముప్పై ఏళ్ళూ వాడు గుమాస్తాయే. హీరోలు మారారు, వాడి బల్ల మారలేదు. అదృష్టమంటే అదీ!" అన్నాడు. అదృష్టమట, నా బొంద. ఆయన కొడుక్కి రాసిపెట్టమనండి ఆ అదృష్టమేదో.

ఒక్కసారి, డెబ్బై ఒకటిలో, నిజం చావు కబురు చెప్పే వేషం దొరికింది. సరిహద్దులో కొడుకు పోయాడని తల్లికి చెప్పే పోస్ట్‌మాన్. పది రోజులు సాధన చేశాను. పరుగు లేదు, కండువా లేదు. సెట్లో లైట్లు పట్టుకునేవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ప్రివ్యూ రోజున నేను గుమ్మంలో కనపడ్డానో లేదో, హాలంతా పడీపడీ నవ్వింది. తల్లి వేసినావిడ ఏడుస్తుంటే ఇంకా నవ్వారు. మర్నాడే ఆ సీను కోసేసి ఇంకొకడితో తీశారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పూట బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఈ మొహానికి చావు పలకదు అని ఆ రోజే నాకు ఖాయమైపోయింది.

మా ఆవిడ పోయాక మూటాముల్లె సర్దుకుని న్యూజిలాండ్‌కి, ఆక్లాండ్‌లో మా అమ్మాయి రాజశ్రీ దగ్గరికి వచ్చేశాను. మౌంట్ రాస్కిల్‌లో ఇల్లు. ఇక్కడైనా నన్నెవరూ గుర్తుపట్టరనుకున్నాను. ఆ పేరు ఎక్కడికి పోతుంది? శాండ్రింగ్‌హామ్ బజారులో మనవాళ్ళ కొట్లో కరివేపాకు ఏరుకుంటుంటే కూడా, "అంకుల్, ఒక్కసారి ఘోరం జరిగిపోయింది అనండి" అని వెనకాల పడతారు.

అందరిలోకీ ఎక్కువ నవ్వేది కామేశ్వరమ్మ. మా వీధి చివర మలుపు తిరిగితే వాళ్ళబ్బాయి శశిధర్ ఇల్లు. ఆవిడా, భర్త నారాయణగారూ ఆర్నెల్లుందామని కాకినాడ నుంచి వచ్చారు. ఆవిడ నన్ను అన్నయ్యగారూ అంటుంది, కాబట్టి నారాయణగారు నాకు బావగారు. రోజూ సాయంత్రం ముగ్గురం కలిసి పార్కు చుట్టూ నడిచేవాళ్ళం. రెండు వేల నాలుగు జూలైలో, ఇక్కడ అది చలికాలం, ఒక బుధవారం, మధ్యాహ్నం పన్నెండు దాటాక మా ఇంట్లో ఫోన్ మోగింది. శశిధర్.

"అంకుల్, నాన్న..." అని ఆగిపోయాడు.

ముక్కలు ముక్కలుగా చెప్పాడు. వాడు పని మీద హామిల్టన్ వెళ్తుంటే, దారిలో ఇక్కడి ఆవుల్ని చూడాలని నారాయణగారు కూడా బయల్దేరారు. కంచె పట్టుకుని ఆవుల్ని చూస్తూ చూస్తూ అక్కడే కూలబడిపోయారట. అంబులెన్స్ వచ్చేసరికే అంతా అయిపోయింది.

"కాగితాల పనుంది అంకుల్, నేను వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. అమ్మ ఒక్కతే ఉంది. ఫోన్‌లో నేను చెప్పలేను. ఆఫీసులో మనవాళ్ళకి తెలిసిపోయింది. ఎవరో ఒకరు తెలుగు అసోసియేషన్ మెయిల్ గ్రూపులో పెట్టేస్తారు, ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. మీరు వెళ్ళి చెప్పండి అంకుల్."

"నేనా? నాయనా, నేనెవర్నో తెలిసే అడుగుతున్నావా?"

"అందరూ ఆఫీసుల్లో ఉన్నారు. నడిచి వెళ్ళగలిగేది మీరే. ముందు కొంచెం సీరియస్‌గా ఉందని చెప్పండి చాలు. మిగతాది నేనొచ్చాక..." అని ఏడ్చేశాడు.

మనవాళ్ళ పద్ధతి అంతే కదా. పోయారని ఎవరం చెప్పం. సుస్తీ చేసింది అంటాం, సీరియస్ అంటాం, ఒకసారి వచ్చి చూసి వెళ్ళండి అంటాం. మెట్టు మెట్టుగా దింపుతాం. అది దయ అనుకుంటాం.

మఫ్లర్ మెడకి చుట్టుకుని బయటపడ్డాను. ఎవరైనా ఫోన్ చేసి చెప్పేస్తారేమోనన్న భయంతో డెబ్బై రెండేళ్ళ కాళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. వాళ్ళ వాకిట్లోకి వచ్చేసరికి నోట మాట లేదు, ఆయాసం. బెల్లు కొట్టాను. తలుపు తీసింది. సరిగ్గా అప్పుడే మఫ్లర్ జారి కాళ్ళ కింద పడింది. దాన్ని తొక్కి తూలి, తలుపు పట్టుకుని, రెండో చెయ్యి గుండె మీద పెట్టుకున్నాను.

కామేశ్వరమ్మ నన్ను పైనించి కిందకి చూసి పకాలున నవ్వింది.

"అయ్యో రామ! ఒక్కదాన్నీ బిక్కుబిక్కుమంటూ ఉన్నానని తెలిసి వచ్చారా అన్నయ్యగారూ? అనండి, అనండి, ఆ మాట కూడా అనేయండి!"

కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. నా ఎనభై మూడు సినిమాల్నీ, నన్నూ కలిపి తిట్టుకున్నాను.

"కాదు చెల్లెమ్మా, బావగారికి..."

"ఆఁ, బావగారికి? ఆవు పొడిచిందా?"

"కొంచెం సుస్తీ చేసింది. హాస్పిటల్లో ఉన్నారట. శశిధర్ ఫోన్ చేశాడు."

ఆవిడ నవ్వు వెంటనే ఆగలేదు. సగం మొహంలో నవ్వు అలాగే ఉంది, సగంలోంచి పోయింది. నా మొహంలోకి పరీక్షగా చూసింది. వేళాకోళం కాదని తెలిశాక అరక్షణం కూడా నిలబడలేదు.

"చెబుతూనే ఉన్నాను, ఆ చలిగాలిలో టోపీ పెట్టుకోండని! వింటే కదా ఆ మహానుభావుడు!" అంటూ లోపలికి నడిచింది. బీపీ మాత్రల డబ్బా తీసింది. ఉన్ని స్వెట్టరు, మేజోళ్ళు, కళ్ళజోడు సంచీలో పెట్టింది. స్టవ్ వెలిగించి జావ కాయడం మొదలెట్టింది. "హాస్పిటల్లో ఇచ్చే రొట్టెలు ఆయన తినరు. ఫ్లాస్కులో పోస్తే అక్కడికి వెళ్ళేదాకా వేడిగా ఉంటుంది కదా అన్నయ్యగారూ? రాత్రి పక్కన నన్ను ఉండనిస్తారా? కుర్చీలో కూర్చుంటాను, ఎవరికీ అడ్డురాను."

నేను చేసిన పని చూశారా? మెట్టు మెట్టుగా దింపుదామని వచ్చి, ఆవిణ్ణి ఇంకా పైమెట్టు ఎక్కించాను. ఆవిడ గరిటె తిప్పుతుంటే నా గుండెలో తిప్పినట్టుంది. శశిధర్ వచ్చేదాకా ఇలాగే సాగదీద్దామా అని కూడా ఆలోచించాను, పిరికి వెధవని.

హాల్లో ఫోన్ మోగింది. ఆవిడ గరిటె వదిలి, "మావాడే అయ్యుంటాడు" అంటూ వస్తోంది. నేను అడ్డంపడి రిసీవర్ తీశాను. ఎవరిదో మగ గొంతు. "అమ్మా, ఇప్పుడే మెయిల్ చూశామండీ, నారాయణగారి ఆత్మకి..." టక్కున పెట్టేశాను.

"ఎవరు?"

"రాంగ్ నంబర్."

నటుణ్ణే కానీ ఆ అబద్ధం అతకలేదు. ఆవిడ చెయ్యి చీర కొంగుకి తుడుచుకుంటూ నన్నే చూస్తోంది. ఇంకొక నిమిషానికి ఇంకొకడు చేస్తాడు. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు ఈవిడకి చెబుతాడు. అది మాత్రం జరగనివ్వదలుచుకోలేదు.

స్టవ్ ఆర్పేశాను. కుర్చీ లాగి కూర్చున్నాను. ఎనభై మూడు సినిమాల్లో ఒక్కసారి కూడా నేను కూర్చుని కబురు చెప్పలేదు.

"కూర్చో అమ్మా."

కూర్చుంది.

"నేనిందాక చెప్పింది పూర్తి కాదు. బావగారు ఆవుల్ని చూస్తూ పడిపోయారు. గుండె ఆగిపోయింది. డాక్టర్లు వచ్చేసరికే ఆయన లేరు."

 ఆవిడ నా మొహంలోకే చూసింది. తర్వాత చిన్నపిల్ల కథ అడిగినట్టు అడిగింది.

"తర్వాత?"

"ఏమిటమ్మా?"

"మీరు చెప్పాక ఏదో ఒకటి ఉంటుంది కదా అన్నయ్యగారూ. అది అబద్ధమనో, ఇంకెవరో అనో. మనిషి వెనకాలే వస్తాడు కదా. తర్వాత ఏమిటో చెప్పండి."

ఆ దేవుడు కనపడితే గొంతు పిసికేవాణ్ణి. ముప్పై ఏళ్ళపాటు తెర మీంచి నేనే నేర్పాను ఆవిడకి, నేను తెచ్చిన చావు చావు కాదని.

"తర్వాత లేదమ్మా" అన్నాను. "ఈసారి ఇంతే."

నాకు తెలియకుండానే నా కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ వాటిని చూసింది. నా మాట నమ్మలేదు కానీ వాటిని నమ్మింది. అప్పుడు వచ్చింది ఏడుపు. నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను తప్ప ఊరుకోమని అనలేదు. ఫోన్ మోగుతూనే ఉంది, మోగనిచ్చాను.

ఎంతసేపో తెలియదు. లేచి మొహం కడుక్కుని వచ్చింది. గోడ గడియారం చూసి, "అక్కడ ఏడున్నర అయ్యుంటుంది. ఆశ పిల్లల్ని బడికి తయారుచేస్తూ ఉంటుంది" అంది. ఆశాజ్యోతి కాకినాడలో ఉన్న కూతురు.

ఫోన్ కార్డు తెచ్చి, వెనకనున్న నంబరు కళ్ళకి కనపడక నా చేతికిచ్చింది. అదీ, ఆవిడ చెప్పిన ఆశ నంబరూ నొక్కి రిసీవర్ ఆవిడకి ఇవ్వబోయాను. తీసుకోలేదు.

"మీరే చెప్పండి అన్నయ్యగారూ."

"నా వల్ల కాదు తల్లీ! ఇంకోసారి నన్ను చంపకు. నీ గొంతు వింటే దానికి కాస్త..."

"నా గొంతు వింటే వెంటనే తెలిసిపోతుంది దానికి. చిన్నప్పుడు మీ సీను వస్తే వాళ్ళ నాన్న ఒళ్ళో నిలబడి చప్పట్లు కొట్టేది. మీరని తెలిస్తే ముందు నవ్వుతుంది." కొంగు నోట్లో కుక్కుకుని, తీసి, మళ్ళీ అంది. "ఇందాక తలుపు తీసి నవ్వాను చూడండి, అప్పటికి నా మట్టుకు నాకు ఆయన ఉన్నారు. దానికి ఇప్పటికీ ఉన్నారు. కాసేపు ఉండనివ్వండి."

అవతల ఫోన్ ఎత్తారు. వెనకాల కుక్కర్ ఈల, పిల్లల గోల.

"హలో, ఎవరండీ?"

"అమ్మా, న్యూజిలాండ్ నుంచి మాట్లాడుతున్నాను. సినిమాల్లో వేసేవాణ్ణి. టెలిగ్రాం ఈశ్వరరావుని."

"అబ్బ, నిజంగా మీరేనా! నాన్న చేయిస్తున్నారు కదూ ఇదంతా? పక్కనే ఉన్నారా? ఒరేయ్, ఇలా రండిరా, ఫోన్‌లో ఎవరో చూడండి!" అంటూ నవ్వడం మొదలెట్టింది. వాళ్ళమ్మ నవ్వే.

కామేశ్వరమ్మ నా పక్కకి వచ్చి రిసీవర్‌కి చెవి ఆనించింది.  ఆ పిల్ల నవ్వు పూర్తయ్యేదాకా ఇద్దరం విన్నాం.